కారులో పాట ఆగిపోతే...

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కారులో సీడీ ప్లేయరు మొరాయిస్తే ఏం చెయ్యాలన్నది ఇవాళ్టి విషయం. అది మెకానిక్కుల సంగతి కదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని చూడండి, మిక్సీ తిరక్కపోతే ముందు ప్లగ్గు చూస్తాం. కుక్కరు విజిలు రాకపోతే గాస్కెట్టు చూస్తాం, ఎక్కడైనా మెతుకు అడ్డుపడిందేమో చూస్తాం. అంతేగాని వెంటనే పాతసామాన్లవాడిని కేకెయ్యం కదా! వంటింట్లో రోజూ వాడే ఆ ఇంగితాన్నే కారులో పాటల పెట్టె మీద కూడా వాడితే చాలావరకు అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఖర్చు ఒక్కటే అయితే ఇంతసేపు చెప్పుకోనక్కర్లేదు. ఇప్పుడొస్తున్న కొత్త కార్లలో సీడీ పెట్టే చోటే సాధారణంగా ఉండటం లేదు. కాని పదిహేనేళ్ళ కిందట కొన్న కార్లు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇంట్లో సీడీ ప్లేయరు ఎప్పుడో మూలపడింది. కంప్యూటరు మార్చాక అందులోనూ సీడీ పెట్టే అర లేకుండా పోయింది. ఇక ఇంటిల్లిపాదికీ మిగిలింది కారులో ఉన్న ఆ ఒక్క ప్లేయరే. మరి సీడీల్లో ఏమున్నాయి? సినిమా పాటలంటారా, అవి ఎక్కడైనా దొరుకుతాయి. త్యాగరాయ గానసభలో అమ్మాయి మొదటిసారి పాడినప్పుడు రికార్డు చేయించినది, అక్కయ్య పెళ్ళిలో సన్నాయి మేళం, అత్తగారు పాడిన మంగళహారతులు, ఇవి మాత్రం ఎక్కడా దొరకవు. సెట్టు పోతే ఇంకొకటి కొనుక్కుంటాం. ఆ గొంతు పోతే ఏ అంగట్లో కొంటాం? కాబట్టి సెట్టుకు ఏమైందో తెలుసుకోవడం ఎంత అవసరమో, సీడీని కాపాడుకోవడం అంతకంటే అవసరం.

ముందుగా ఈ సీడీ ఎలా పాడుతుందో నాలుగు మాటల్లో చెప్పుకుందాం. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ బిళ్ళ 1982లో బజారులోకి వచ్చింది. అడ్డంగా కొలిస్తే 12 సెంటీమీటర్లు, మందం మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. దాని లోపల కంటికి కనిపించనంత సన్నని గీత ఒకటి చక్రాలు చక్రాలుగా తిరుగుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందంలో అలాంటి వరుసలు ముప్ఫై నలభై పడతాయి. నిండుగా ఉన్న సీడీలో ఆ గీతను విప్పి పరిస్తే అయిదు కిలోమీటర్ల పైమాటే. అంటే నారాయణగూడ నుంచి చార్మినారు దాకా ఇంచుమించుగా వస్తుందన్నమాట! ప్లేయరులో చిన్న లెన్సు ఉంటుంది. దాని గుండా లేజర్ కిరణం ఈ గీత మీద పడి తిరిగి వస్తుంది. ఆ వచ్చే వెలుగులో తేడాలను బట్టి ప్లేయరు పాటను చదువుకుంటుంది. కాబట్టి ఆ లెన్సు ప్లేయరుకు కన్ను, సీడీ దాని పుస్తకం అనుకోండి. పుస్తకం మాసినా చదవలేదు, కంటికి పొర కమ్మినా చదవలేదు. ఆ రెంటిలో ఏది జరిగిందో తేల్చుకోవాలి.

ఈ పరీక్షలన్నీ బండి ఒక పక్కన నిలిపి ఉన్నప్పుడే చెయ్యాలి. నడుపుతూ ఆ మీటలతో కుస్తీ పట్టవద్దు.

మొట్టమొదటి పరీక్ష ఏమిటంటారా? రేడియో పెట్టి చూడండి. నేను రేడియోలో మాట్లాడుతున్నాను గనక అంటున్న మాట కాదు. అదే సెట్టులో రేడియో చక్కగా వినిపిస్తే కరెంటు అందుతున్నట్టే, స్పీకర్లు బాగున్నట్టే. దోషం సీడీలోనో, సీడీ చదివే భాగంలోనో ఉంది. రేడియో కూడా పలకక, సెట్టులో దీపమే వెలగకపోతే కరెంటు దారి చూడాలి. దీపం వెలుగుతూ, అంకెలు కదులుతూ, ఏ శబ్దమూ రాకపోతే వాల్యూం, మ్యూటు మీట, ధ్వనిని ముందు స్పీకర్లకో వెనక స్పీకర్లకో మళ్ళించే అమరిక చూసుకోండి. పిల్లలు ఆడుతూ ఆడుతూ ధ్వనినంతా ఒక మూలకు తిప్పేసి ఉండవచ్చు.

రేడియో పలుకుతున్నది, సీడీ పలకడం లేదు అనుకుందాం. అప్పుడు ఇంకొక సీడీ పెట్టండి. దుకాణంలో కొన్నది, గీతలు లేనిది పెట్టండి. అది పాడిందంటే మీ సెట్టు నిక్షేపంగా ఉంది, మొదటి సీడీలోనే ఏదో ఉంది. ఒకటి కాదు, రెండు మూడు మంచి సీడీలు పెట్టినా పాడకపోతే అప్పుడు సెట్టును అనుమానించండి. ఈ చిన్న పరీక్ష చెయ్యకుండానే కొందరు దుకాణానికి పరుగెడతారు.

సీడీదే దోషమని తేలితే దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పట్టుకోవడం అంచులతోనే, మధ్య రంధ్రంలో వేలు పెట్టి. వేలిముద్రలు, దుమ్ము, కొబ్బరినూనె జిడ్డు ఉంటే మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. ఎలా తుడవాలన్నది ముఖ్యం. పాత గ్రామఫోను రికార్డును గుండ్రంగా తుడిచే అలవాటు మనలో కొందరికి ఉంది. సీడీకి అది పనికిరాదు. మధ్య నుంచి అంచుకు తిన్నగా లాగాలి. ఎందుకంటే పాట గుండ్రంగా రాసి ఉంటుంది. అడ్డంగా పడిన గీతను ప్లేయరు ఎలాగో దాటుకుని సర్దుకుంటుంది గాని, పాట వెంబడే గుండ్రంగా పడిన గీతను దాటలేదు. జిడ్డు పోకపోతే మంచినీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బునీరు కలిపి తుడిచి, బాగా ఆరనివ్వండి. గోళ్ళరంగు చెరిపే మందు, పెట్రోలు, కిరసనాయిలు దగ్గరకు రానివ్వకండి. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పోతాయని ఎవరైనా చెబితే, పోయినా బాధలేని సీడీ మీద ప్రయోగం చేసుకోమనండి, అమ్మాయి పాట మీద కాదు.

ఇంకొక సంగతి. సీడీకి మెరిసే వైపే సున్నితమని మనం అనుకుంటాం. నిజానికి పాట దాగి ఉన్న పొర పేరు రాసే వైపుకే దగ్గరగా ఉంటుంది. దాని మీద పల్చటి లక్క లాంటి పూత, ఆపైన అచ్చు, అంతే. అందుకని ఆ వైపు బాల్‌పెన్నుతో నొక్కి రాయకూడదు, గోటితో గీకకూడదు. వెలుతురులో చూసినప్పుడు సూదిబెజ్జాల్లా మెరుపులు కనిపిస్తే పొర రాలిందన్నమాట. దాన్ని ఏ గుడ్డా బాగుచెయ్యలేదు.

సీడీ లోపలి నుంచి బయటికి పాడుతుంది. మధ్య రంధ్రం దగ్గరే పాటల పట్టిక ఉంటుంది. కాబట్టి మొదట్లోనే మొరాయిస్తే మధ్యభాగం తుడవండి. మొదటి పాటలు బాగా వచ్చి చివరివి తడబడితే అంచువైపు చూడండి. ఎండలో వదిలేసిన సీడీ అంచు దగ్గర వంగిపోయి ఉండవచ్చు. బల్ల మీద పరిచి చూస్తే తెలిసిపోతుంది.

దుకాణంలో కొన్న సీడీలు పాడి, ఇంట్లో కంప్యూటరు మీద చేయించుకున్నవి పాడకపోతే అది జబ్బే కాకపోవచ్చు. ఎంపీ త్రీ పద్ధతిలో వంద పాటలు ఎక్కించిన సీడీని పాతకాలపు సెట్లు చదవలేవు. మళ్ళీ మళ్ళీ రాసుకునే రకం సీడీలు వెలుగును తక్కువగా తిప్పికొడతాయి, వాటినీ కొన్ని సెట్లు చదవవు. పైగా మనం రాయించుకున్న సీడీలో పాటను నిలిపేది ఒక రంగుపూత. ఎండకు చీర వెలిసినట్టు అదీ వెలుస్తుంది. కారు డాష్‌బోర్డు మీద ఇటువంటి సీడీ ఉంచడమంటే పసుపు చీరను రోజంతా మేడమీద ఎండలో ఆరేసినట్టే.

ఇప్పుడు సెట్టు మొత్తానికే దీపం వెలగని సందర్భం చూద్దాం. కారులో ఫ్యూజుల పెట్టె స్టీరింగు కిందనో, బానెట్టు కిందనో ఉంటుంది. ఏ ఫ్యూజు దేనికో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లలో మూత లోపలి వైపూ ఉంటుంది. తాళం తీసేసి, ఆ ఫ్యూజును లాగి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగి ఉంటే ఫ్యూజు పోయింది. అదే అంకె ఉన్న ఫ్యూజు వెయ్యాలి. 10 అంకె ఉన్నది ఎర్రగా, 15 నీలంగా, 20 పసుపుపచ్చగా ఉంటాయి. పదికి బదులు ఇరవై వెయ్యడం, ఫ్యూజు దొరకలేదని చాక్లెట్ కాగితం చుట్టడం నిప్పుతో చెలగాటం. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో తీగలు కలిశాయి, ఇక కారు ఎలక్ట్రీషియన్ చూడవలసిందే. చాలా సెట్ల వెనకాల కూడా ఒక ఫ్యూజు ఉంటుంది, దాన్నీ చూడమని చెప్పండి.

సెట్టు పనిచేస్తున్నా ప్రతి ఉదయం గడియారం, స్టేషన్లు మరిచిపోతూ ఉంటే దానికి నిత్యం అందవలసిన కరెంటు అందడం లేదని అర్థం. బయట కొని బిగించుకున్న సెట్లలో సాధారణంగా పసుపుపచ్చ తీగ ఎప్పుడూ కరెంటు ఇచ్చేది, ఎర్రది తాళం తిప్పితే ఇచ్చేది, నల్లది ఎర్త్. ఈ మూడూ మీరు ముట్టుకోనక్కర్లేదు. "తాళం తీస్తే అన్నీ మరిచిపోతున్నది, పసుపు తీగ చూడండి" అంటే చాలు.

బ్యాటరీ మార్చిన మర్నాడు సెట్టు కోడు అడుగుతూ నిలబడిందంటే కంగారుపడకండి. కొన్ని కార్లలో అది దొంగల భయానికి పెట్టిన తాళం. ఆ అంకెలు కారు కాగితాలతో ఇచ్చిన కార్డు మీద ఉంటాయి. తోచిన అంకెలు నొక్కుతూ పోతే ఇంకా బిగుసుకుపోతుంది. కార్డు పోతే కారు కాగితాలు పట్టుకుని కంపెనీ డీలరును అడగాలి. ఆ అంకెలు ఇవాళే ఒక చోట రాసిపెట్టుకోండి.

ఇక కంటికి పొర కమ్మే సంగతి. మెయిన్‌రోడ్డు దుమ్ము, కారులో వెలిగించే అగరొత్తుల పొగ మెల్లగా వెళ్ళి లెన్సు మీద కూర్చుంటాయి. అప్పుడు కొన్ని సీడీలు పాడతాయి, కొన్ని పాడవు. మొదట తడబడతాయి, పోనుపోను అన్నీ మానేస్తాయి. ఇందుకు చిన్న కుంచెలు అమర్చిన లెన్సు శుభ్రం చేసే సీడీలు దొరుకుతాయి. కారు సెట్టుకు పనికివచ్చే పొడి రకమే తీసుకుని, దాని మీద చెప్పినంతసేపే తిప్పండి. రోజూ చెయ్యవద్దు. అగ్గిపుల్లకు దూది చుట్టి లోపల పొడవడం, నూనె చుక్క వెయ్యడం అసలే కూడదు. సెట్టు విప్పి, కరెంటు ఉండగా లోపలి లెన్సులోకి తొంగిచూడడం కంటికి ప్రమాదం. ఆ కిరణం మనకు కనిపించదు.

మన హైదరాబాదు వాతావరణం కూడా సీడీ ప్లేయరుతో ఆడుకుంటుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో, గుడి ముందో బడి ముందో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల బయటికంటే ఎంతో వేడి. సెట్టు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. తలుపులు తీసి, పదిహేను నిమిషాలు చల్లబడనిచ్చి చూడండి. వానాకాలంలో దీనికి తిరకాసు. చల్లటి లెన్సుకు తేమగాలి తగిలితే కళ్ళద్దాలకు ఆవిరి పట్టినట్టు పడుతుంది. సీడీ బయటికి తీసేసి ఒక గంట ఆగితే అదే ఆరిపోతుంది. 2000 ఆగస్టు, 2020 అక్టోబరు వానలను మనం మరిచిపోలేం. హుస్సేన్‌సాగర్ నాలా పక్కనున్న వాళ్ళకు వేరే చెప్పాలా? సెల్లారులో నీళ్ళు వచ్చి కారు మునిగితే, పాడుతుందో లేదో చూద్దామని తాళం తిప్పవద్దు. ముందు బ్యాటరీ తీగ తీయించాలి.

గతుకులో పడినప్పుడు మాత్రమే పాట ఎగిరిపోతుంటే అది లెన్సు పని కాకపోవచ్చు. నిలబెట్టిన కారులో అదే పాట సాఫీగా సాగితే, సెట్టు బిగింపు వదులైందేమో చూడమనండి. వెనకాల పట్టీ లేకుండా ముందు మాత్రమే నిలబెట్టి పంపేవాళ్ళూ ఉన్నారు. బిగింపు గట్టిగా ఉన్నా ఎగురుతుంటే లోపల కుదుపులను మింగే మెత్తటి దిమ్మలు అరిగి ఉండవచ్చు. అది సెట్టు విప్పి చూసే పని.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కు విషయానికి వస్తాను. సీడీ లోపలే ఇరుక్కుపోయింది, ఎంత నొక్కినా బయటికి రాదు. అప్పుడేం చెయ్యాలి? తాళం తీసి, కొంచెం ఆగి, మళ్ళీ తాళం తిప్పి, సీడీ బయటికి పంపే మీటను కొద్ది క్షణాలు నొక్కి పట్టుకోండి. కొన్ని సెట్లకు ముందు పలక మీద గుండుసూది పట్టేంత బెజ్జం ఉంటుంది. అది దేనికో సెట్టు పుస్తకంలో చూసుకుని అందులో నెమ్మదిగా నొక్కితే సెట్టు నిద్రలేచినట్టు మళ్ళీ మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే ఆగిపోండి. చాకు, స్కేలు, ఇంకొక సీడీ లోపలికి దోపకండి. చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఇంకొక అనుమానం కూడా పెట్టుకోవాలి. ఆ సన్నటి సందు వాళ్ళకు హుండీలా కనిపిస్తుంది, రూపాయి బిళ్ళ వేసి ఉండవచ్చు.

అశోక్‌నగర్‌లో ఒక ఇల్లాలికి ఇదే జరిగింది. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు ఎప్పుడో టేపు మీద పట్టి, తరవాత ఒక సీడీలోకి ఎక్కించారు. టేపు పోయింది, ఆ సీడీ ఒక్కటే మిగిలింది. పండగపూట ఊరికి వెడుతూ దాన్ని కారులో పెట్టారు, అది లోపలే ఉండిపోయింది. దుకాణంలో చూపిస్తే, "సెట్టు పోయిందమ్మా, కొత్తది వేస్తాం, పాతది మాకిచ్చెయ్యండి, కొంత తగ్గిస్తాం" అన్నారు. "మరి అందులో సీడీ?" అని ఈవిడ అడిగితే, "ఇంకా సీడీ ఏమిటమ్మా, పెన్‌డ్రైవు పెట్టుకోండి" అన్నారు. ఇంట్లోవాళ్ళు కూడా పోనిద్దూ అన్నారట. ఆవిడ మాత్రం సెట్టు ఊడదీయించి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. నాలుగు చోట్ల వాకబు చేసి, పాత సెట్లు విప్పే మనిషిని పట్టుకుని, తన ఎదురుగా విప్పించింది. సీడీ మీద అందంగా ఉంటుందని అంటించిన కాగితం వేడికి లేచి లోపల అతుక్కుంది, అంతే. సీడీకి ఏమీ కాలేదు, సెట్టుకూ ఏమీ కాలేదు. ఆ సాయంత్రమే మేనల్లుడి చేత కంప్యూటరులోకి ఎక్కించింది. అత్తగారి గొంతు ఇప్పుడు ముగ్గురు పిల్లల ఇళ్ళలోనూ ఉంది. కనక సీడీల మీద కాగితాలు అంటించకండి, సీడీ బయటికి రాకుండా సెట్టు ఎవరికీ ఇవ్వకండి.

దుకాణానికి వెళ్ళే ముందు ఒక చీటీ రాసుకోండి. రేడియో పలుకుతున్నదా, ఎన్ని సీడీలు పెట్టి చూశారు, గతుకుల్లోనే ఎగురుతున్నదా, అద్దం మీద ఏ అక్షరాలు, అంకెలు కనిపించాయి, ఇవి చాలు. "అదేదో పాడటం లేదండీ" అంటే వాళ్ళకు తోచింది చెబుతారు. మీరు ఇన్ని సంగతులు చెబితే వాళ్ళూ జాగ్రత్తగా చూస్తారు. బాగుచేసే ఖర్చు ముందే అడగండి, మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనండి. చిన్నచిన్న భాగాలు కావాలంటే నారాయణగూడకు కోఠీ ఎంతో దూరం లేదు, గుజరాతీ గల్లీలో అడిగి చూడవచ్చు. కాని పాత సెట్ల లేజర్ భాగాలు రానురాను దొరకడం కష్టమవుతున్నది. కన్నే పూర్తిగా పోతే ఆ సెట్టు మీద మరీ పట్టుదలకు పోకండి.

అందుకే, సెట్టు పాడుతున్నా సరే, మీకు ప్రాణమైన సీడీలు నాలుగు ముందు ఏరి పక్కన పెట్టండి. సీడీ చదివే అర ఉన్న కంప్యూటరు గాని, కంప్యూటరుకు బయట తగిలించే డీవీడీ డ్రైవు గాని ఉంటే చాలు. నాణ్యత తగ్గించకుండా ఎక్కించమని చెప్పండి. ఎక్కించాక మొదటి నుంచి చివరిదాకా ఒకసారి విని, అప్పుడే అయిందనుకోండి. ఒక నకలు ఇంట్లో, ఒకటి ఇంకొకరి ఇంట్లో ఉంచండి. ఎవరు పాడారో, ఏ సంవత్సరమో, ఏ సందర్భమో రాసి ఉంచండి. రేపు మనవరాలు వింటే ఈ గొంతు ఎవరిదని అడగాలి కదా! అసలు సీడీని పారెయ్యకండి, పెట్టెలో నిలువుగా, ఎండ తగలని బీరువాలో పెట్టండి.

ఈ ఆదివారం తీరిక చూసుకుని కారు అరలో, సీటు కింద, సంచుల్లో ఉన్న సీడీలన్నీ బయటికి తీయండి. వాటిలో మీ ఇంటివాళ్ళ గొంతు ఉన్న సీడీ ఒక్కటైనా తప్పక దొరుకుతుంది. దాన్ని మాత్రం ఇక కారులోకి వెళ్ళనివ్వకండి.